సత్తెమ్మ బరువు

తెల్లవారుజామున ఫజర్ నమాజుకు అజాన్ వినబడేసరికి నాగమణి రెండు బర్రెలను పితికేసేది. మూడోది తన్నే బర్రె. దాని దగ్గర నాయినమ్మ సత్తెమ్మే కూర్చోవాలి. కూర్చుని "ఏందే నీ లొల్లి" అని ఒక్క మాట అంటే చాలు, అది చెవులు వెనక్కి వేసి బుద్ధిగా నిలబడేది. తరువాత నాగమణి ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని శాలిబండ గల్లీల్లో పన్నెండు ఇళ్లకు పాలు పోసి వచ్చేది. ఆలోగా సత్తెమ్మ పేడ తీసి, వాకిలి ఊడ్చి, జొన్నరొట్టె కాల్చి ఉంచేది. తల్లీ తండ్రీ లేని మనవరాలికీ, అరవై అయిదేళ్ల ముసలమ్మకూ పదేళ్లుగా రోజు ఇట్లాగే మొదలయ్యేది.

నాగమణికి పందొమ్మిదేళ్లు. నాలుగేళ్లప్పుడు తల్లి కాన్పులో పోయింది. తొమ్మిదో ఏట తండ్రి కైలాసం జ్వరంతో పోయాడు. తల్లి ముఖం ఆమెకు గుర్తులేదు గానీ, ఆ రోజు తలుపు బయట కూర్చుని విన్న మంత్రసాని మాట ఒకటి గుర్తుంది: "నాకు తెలిసింది గింతే అమ్మా." ఆ గింతే దగ్గర ఆగకుండా ఇంకాస్త తెలుసుకోవాలని నాగమణి పంతం. గల్లీ బడిలో తెలుగు, ఉర్దూ నేర్చుకుంది. జనానా దవాఖానలో కాన్పులు చేయడం నేర్పుతారని విని అర్జీ పెట్టింది. పంథొమ్మిది వందల నలభై మూడు, వానలు మొదలైన వారంలో జవాబు వచ్చింది. దసరా పోయిన సోమవారం వచ్చి చేరాలి. పద్దెనిమిది నెలలు అక్కడే ఉండాలి. ఆ రోజు రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు.

"పోవే, బర్రెల సంగతి నేను చూసుకుంట" అంది సత్తెమ్మ.

లాల్‌దర్వాజ బోనాల మరునాడు ఆమె తన్నే బర్రె పక్కన కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. మూతి వంకర తిరిగింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట ముద్దయింది. ఎండిన తుమ్మకొమ్మంత మనిషి. నాగమణి ఒక్కతే రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టింది.

వారం తిరిగేసరికి నులకమంచం విరిగింది.

ముసలమ్మ లావు కాలేదు. చేతి గాజులు మునుపటిలాగే వదులుగా జారుతున్నాయి. బరువు మాత్రం పెరిగింది. నాగమణి చంకల కింద చేతులు పెట్టి లేపబోతే గచ్చులో పాతిన బండను లాగినట్టయింది. రెండిళ్ల అవతల ఉండే పెదనాన్న మొగులయ్యను పిలుచుకొచ్చింది. ఇద్దరూ పట్టుకుంటే లేచింది. చెక్క తఖ్తా మీదికి మార్చారు. ఆ పై వారం ఇద్దరికీ లేవలేదు.

తాలీంఖానా నుంచి నలుగురు పహిల్వాన్లు వచ్చారు. నడుములకు తువ్వాళ్లు బిగించి పట్టారు. మెడనరాలు ఉబ్బాయి గానీ ముసలమ్మ వేలెడంత కూడా కదల్లేదు. వాళ్ల ఉస్తాదు చెమట తుడుచుకుంటూ, "పరాయి చేతులకు లేవది బేటీ. అయినోళ్లను పిలిపించుకోండ్రి. మా దాదీ గూడ గట్లనే అయింది" అన్నాడు. హకీం సాబ్ నాడి చూసి, కాలికీ చేతికీ రాయడానికి నూనె ఇచ్చాడు. "పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి పక్కకు తిప్పాలె. లేకుంటే వీపుకు పుండ్లు పడ్తయి. బరువు పెరిగే బీమారి ఇది, వారానికి ఒక మనిషి ఎక్కువ కావాలె. ఇప్పటి సందే చూసుకోండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

మొగులయ్య తన ఇద్దరు కొడుకులనూ, భార్యనూ తీసుకొచ్చాడు. అప్పటికి ముగ్గురు సరిపోతారు. మొగులయ్య, ఒక కొడుకు, పెద్దమ్మ పట్టారు. లేవలేదు. ఆమె తప్పుకుని రెండో కొడుకు పట్టాడు. లేచింది.

పెద్దమ్మ ఆ గడపలోనే కూలబడింది. "ముప్ఫై ఏండ్లు కాళ్లు పిసికిన. పథ్యం వండిన. ఇప్పుడు నా చెయ్యి పరాయి చెయ్యి అయిందా అత్తా?" అని నిలదీసింది. సత్తెమ్మ కుడికన్ను ఆర్పింది. పెద్దమ్మ రెండు రోజులు అటు తొంగిచూడలేదు. మూడో రోజు గంజి గిన్నెతో వచ్చి, "లేపుడు నాతోని కాదు గాని, తినిపిచ్చుడు ఎవరాపుతరు" అంటూ గొణుక్కుంటూ కూర్చుంది.

లెక్క అర్థమైంది. సత్తెమ్మ కడుపున పుట్టినవాళ్లు, వాళ్లకు పుట్టినవాళ్లు. వాళ్ల చేతులే చెల్లుతాయి. నాగమణి వేళ్లు మడిచి చూసుకుంది. పెదనాన్న, ఆయన ఇద్దరు కొడుకులు, తాను. నలుగురు. ఈ వారం గడుస్తుంది, వచ్చే వారమూ గడుస్తుంది. ఆ పై వారానికి ఇంకొకరు కావాలి.

ఇంకొకరంటే మలక్‌పేటలో ఉండే బాలనర్సింహ. సత్తెమ్మ చిన్నకొడుకు. గుర్రప్పందాల మైదానం దగ్గర గుర్రాలను చూసుకునే సాయీసు. పదేళ్ల కిందట అతను అపురూపంగా పెంచిన బర్రె పడ్డను అన్న చెప్పకుండా అమ్మేశాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

నాగమణి మలక్‌పేటకు నడిచి వెళ్లేసరికి బాలనర్సింహ ఒక ఎర్రగుర్రం కాలు తన తొడమీద పెట్టుకుని గిట్ట శుభ్రం చేస్తున్నాడు. విషయం విని తలెత్తకుండానే, "అన్న ఉన్న ఇంట్ల అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్న" అన్నాడు.

"ఒట్టు నువ్వు పెట్టుకుంటే పుండు ఆమెకు పడ్తది కాకా."

"వాడు వచ్చి అడుగుమను."

"ఆయన రాడు. నువ్వు రావు. నడుమ నా కాళ్లు అరుగుతున్నయి." ఈ మనిషిని నాగమణి పండక్కో చావుకో చూడటమే తప్ప, పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. అయినా ఆగలేకపోయింది. "ఈ గుర్రం పండుకొని లేవకపోతే నువ్వు ఎవరన్న వచ్చి అడిగెదాక కూసుంటవా?"

బాలనర్సింహ గిట్టను కిందికి దించాడు. గోనెగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆమెకన్నా ముందు నడిచాడు.

అక్కడి నుంచి నాగమణి బతుకంతా లెక్కే అయిపోయింది. ఆరో వారానికి బాలనర్సింహ పెద్దకూతురు, ఏడో వారానికి చిన్నకూతురు. పదిహేనేళ్లది, పదమూడేళ్లది. తరువాత మేనత్త ఎల్లమ్మ లాల్‌దర్వాజ నుంచి వచ్చింది. ఆ తరువాత ఆమె కొడుకు రామ్‌చందర్. అతను బస్సు డ్రైవరు. కొత్తగా పెళ్లయింది. ఎప్పుడూ ఆలస్యమే.

అందరూ పొద్దున అయిదింటికి, సాయంత్రం అయిదింటికి రావాలి. సత్తెమ్మ కింద మందపాటి జంపఖానా పరిచారు. అటు నలుగురు, ఇటు నలుగురు, తల దగ్గర ఒకరు. అంచులు పట్టుకుని "ఏక్, దో, తీన్" అని ఒక్కసారి లేపితే, పెద్దమ్మ కింద తడిసిన గుడ్డ లాగేసి పొడిగుడ్డ వేసేది. నాలుగు శ్వాసలు తీసేంత పని. ఆ నాలుగు శ్వాసల కోసం నాగమణి మూడు గంటలు తిరిగేది. ఒక పిల్లకు తలనొప్పి అంటే బతిమాలాలి. మొగులయ్య కొడుకు తోపుడుబండి వాళ్లతో మాటల్లో పడితే లాక్కురావాలి. బర్రెలు అరుస్తుండేవి. పాలు ఆలస్యమై రెండిళ్లు వేరేవాళ్లను పెట్టుకున్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, అన్నదమ్ములు ఒక ఎత్తు. జంపఖానా అంచుకు అటొకరు ఇటొకరు నిలబడేవాళ్లు. మధ్యలో బారెడు జాగా.

"నాగమణీ, కాళ్ల దిక్కు పట్టుమని మీ కాకకు చెప్పు."

"తల దిక్కు ఆయనే ఎందుకు పట్టాల్నో అడుగు నాగమణీ."

"పెద్దోణ్ణి గనుక అని చెప్పు."

"పెద్దోళ్లు చేసిన పనులు మస్తు చూసినం అని చెప్పు."

నడుమ సత్తెమ్మ పడుకుని రెండు వైపులా కుడికన్ను తిప్పేది. నాగమణికి జంపఖానా వాళ్లిద్దరి నెత్తిన వేసి ముడేయాలనిపించేది. "ఇద్దరికీ చెవులున్నయి. నేను తపాలాదాన్ని కాదు" అని ఒకసారి అరిచింది కూడా. మరునాడు మళ్లీ అదే.

భాద్రపదం మధ్యలో ఒక సాయంత్రం రామ్‌చందర్ పరుగున వచ్చి, కుదురుగా పట్టుకోకముందే లెక్క అయిపోయింది. బాలనర్సింహ వైపు జంపఖానా జారింది. సత్తెమ్మ పక్కకు వాలింది.

"అరే, కింద పడేస్తవా ఏందిరా!" అని మొగులయ్య అరిచాడు.

"నువ్వు సక్కగ లేపితే గద! ఎప్పుడన్న ఏదన్న సక్కగ చేసినవా!" అని బాలనర్సింహ అరిచాడు.

దించిన తరువాత కూడా ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. అమ్మిన పడ్డ సంగతి వచ్చింది. అది కరువు ఏడాదని, ఇంట్లో గింజ లేదని, నాగమణి తండ్రి జ్వరంలో ఉన్నాడని, వైద్యానికే అమ్మానని మొగులయ్య అన్నాడు. "ఒక్కమాట చెప్పొద్దా?" అన్నాడు బాలనర్సింహ. "చెప్తే నువ్వు వద్దంటవా? అనవు. ఏడుస్తవు. నువ్వు ఏడిస్తే నేను చూడలేను" అన్నాడు మొగులయ్య అదే కోపంతో. పదేళ్ల తరువాత ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలవి. గల్లీ మొత్తం విన్నది. నాగమణి మాత్రం గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తన తండ్రి మందుల కోసం ఒక పడ్డ పోయిందని, ఆ పడ్డ కోసం ఒక అన్నదమ్ముల బంధం పోయిందని ఆమెకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత కూడా వాళ్లు కలిసినవాళ్లలా ఏమీ కనబడలేదు. పోట్లాట నాగమణి ద్వారా కాకుండా నేరుగా సాగేది, అంతే.

రామ్‌చందర్ కోసం ఎదురుచూడటం మాత్రం తప్పేది కాదు. బస్సు ఎప్పుడొస్తే అప్పుడే. అప్పటిదాకా ఎనిమిది మందీ వాకిట్లో కూర్చునేవాళ్లు. చక్కెర దొరకని రోజులు గనుక పెద్దమ్మ బెల్లం చాయ్ చేసేది. చాయ్ తాగుతూ ఎంతసేపు విసుక్కుంటారు? మెల్లగా మాటలు పడేవి. బాలనర్సింహ గుర్రాల కాళ్లకు రాసే నూనె తెచ్చి, ఎముక మీద కాదు, నరం వెంబడి కిందికి రుద్దాలని తల్లి కాలి మీద నాగమణికి చూపించాడు. "నీ చేతులు మంచిగున్నయి పిల్లా, తొందర లేదు వాటికి" అన్నాడు. అతని కూతుళ్లు ఆమె జడ విప్పి పేలు చూసి మళ్లీ అల్లేవాళ్లు. మేనత్త ఎల్లమ్మ తమ్ముడు కైలాసం కథలు చెప్పేది. పాలమీద మీగడ చూస్తే కైలాసానికి ఓకరింత వచ్చేదట, పాలవాళ్ల ఇంట్లో పుట్టి మీగడకు భయపడేవాడు ఈ షహర్ మొత్తంలో వాడొక్కడేనట. నాగమణి నవ్వింది. మీగడ అంటే ఆమెకూ పడదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజే తెలిసింది.

ఇంతమంది తనవాళ్లు ఇన్నేళ్లూ ఇంత దగ్గరలో ఉండి, ఎందుకు లేనట్టే ఉన్నారో ఆమెకు అర్థం కాలేదు. సంతోషపడాలో కోప్పడాలో తెలిసేది కాదు. ఎక్కువగా కోపమే వచ్చేది.

భాద్రపదం మధ్య నుంచీ తొమ్మిది మంది కావలసి వచ్చేది. తొమ్మిది మందే ఉన్నారు. తొమ్మిదో మనిషి నాగమణి. ఆ తరువాత రెండు వారాలు బరువు పెరగలేదు. అదొక్కటే దేవుడి దయ అన్నారందరూ. నాగమణికి మాత్రం అందులో దయేమీ కనబడలేదు. దసరా దగ్గరపడుతోంది.

దవాఖాన కాగితం మీద ఇంటిపెద్ద దస్తఖత్ కావాలి. ఆమె మొగులయ్య ముందు పెట్టింది. ఆయన చదివించుకుని విని, మడిచి తిరిగి ఇచ్చేశాడు. "పరాయోళ్ల పురుళ్లు పోసుడు మన ఇంటి పిల్లకు ఎందుకు బిడ్డా? అది ఒక మాట. అవ్వను ఎవరు లేపుతరు? అది ఇంకో మాట. మొదటిదానికి నన్ను ఒప్పిస్తవేమో. రెండో దానికి నీ దగ్గర జవాబు ఉన్నదా?"

లేదు. బాలనర్సింహ తన వంతు తాను చూశాడు. మైదానం నుంచి ఇద్దరు సాయీసులను, తోలుపట్టీలను, గిలకను తెచ్చాడు. వాసానికి గిలక కట్టి లాగారు. వాసం ఫెళ్లుమంది, గూనపెంకులు నాలుగు రాలాయి. సత్తెమ్మ కదల్లేదు. బాలనర్సింహ పెంకులు ఏరుకుంటూ, "నా కడుపున ఇంకో పిల్ల పుట్టినా మంచిగుండు" అన్నాడు నాగమణి ముఖం చూడకుండా.

బతుకమ్మ ఆడే రోజులు వచ్చాయి. గల్లీలో ఆడపిల్లలు తంగేడు పూలు పేరుస్తుంటే నాగమణి ఇంట్లో ముసలమ్మకు ఒళ్లు తుడుస్తోంది. ఎవరూ లేరు. తడిగుడ్డను గిన్నెలోకి విసిరికొట్టింది.

"ఎందుకే గింత బరువైనవ్? పో అన్నది నువ్వే గద. నవ్వుకుంట పంపిస్త అన్నవ్. ఇప్పుడు నా కాళ్ల మీద బండలెక్క పడ్డవ్. పండుకొని పండుకొని అందరినీ ఆడిపిస్తున్నవ్. సావన్నా..."

అక్కడ ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్న మాట గదిలోనే ఉండిపోయింది. సత్తెమ్మ కుడికంటి నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. పెదవి కదిలింది.

"పా...ల... పి..."

పాలు తెచ్చి చెంచాతో నోటికి అందించింది నాగమణి. ముసలమ్మ పళ్లు బిగబట్టింది. వారం నుంచి ఇదే తంతు. పాలు అంటుంది, ఇస్తే తాగదు. ఆవుపాలు తెచ్చి చూశారు, మేకపాలు తెచ్చి చూశారు. నాగమణి ఆ గిన్నె కింద పెట్టి, ముసలమ్మ చెయ్యి మీద తల ఆనించి ఏడ్చింది. "పోను తియ్యి. యాడికీ పోను" అంది.

ఆ సాయంత్రం అందరూ వచ్చినప్పుడు ఆ మాటే చెప్పింది. లేపారు, తిప్పారు, దించారు. దించుతుండగా సత్తెమ్మ మళ్లీ అంది. "పా...ల... పిల..."

మేనత్త ఎల్లమ్మ చేతిలో జంపఖానా అంచు అట్లాగే ఉండిపోయింది. ఆమె తల్లి నోటి దగ్గర చెవి పెట్టింది. తరువాత గచ్చు మీద కూర్చుండిపోయింది.

"పాలు అడుగుతలేదు. పాల పిల్లను అడుగుతున్నది."

"ఏ పిల్ల?" అన్నాడు మొగులయ్య.

"తుగ్యానీ ఏడు. మూసీ పొంగినప్పుడు మనం నది ఒడ్డుకే ఉంటుంటిమి. నువ్వు బాపుతోని బర్రెలు కొట్టుకొని దూరం పోయి ఏడాదికి తిరిగొచ్చినవ్, నీకు ఎరుక లేదు. నాకు పదేండ్లు. వీడు" అని బాలనర్సింహను చూపించింది, "మూడు నెలలోడు. నీళ్లు తీసినంక బురదల ఒక ఆడిపిల్ల దొరికింది. వీని ఈడుదే. ఎవరి పిల్లనో ఏమో. అవ్వ ఒక దిక్కు వీణ్ణి, ఒక దిక్కు దాన్ని ఏసుకొని పాలిచ్చింది. ఎనిమిది నెలలు. తర్వాత ఆ పిల్ల ఖాలా, తల్లి చెల్లెలు, వెతుక్కుంట వచ్చి తీస్కపోయింది. ముసల్మానుల పిల్ల అని అప్పుడు తెలిసింది. కులపోళ్లు ఏమంటరో అని తిరిగొచ్చినంక బాపు నాతోని ఒట్టేయించుకున్నడు."

నాగమణి ఆమె ఎదురుగా కూర్చుంది. "మూడు నెలల సంది మనుషుల కోసం గల్లీ గల్లీ తిరుగుతున్న అత్తా. ఒక్కసారన్న యాదికి రాలేదా?"

"వచ్చింది బిడ్డా. పాలు తాగినంత మాత్రాన అయినోళ్లయితరా అనుకున్న."

ఆ ఖాలా లక్కగాజులు చేసేదని, లాడ్‌బజార్ వెనక గల్లీ అని, పిల్లకు మహబూబ్ అని పేరు పెట్టిందని ఎల్లమ్మకు తెలిసింది అంతే. ముప్ఫై అయిదేళ్ల కిందటి సంగతి. నాగమణి మరునాడు పొద్దున పాలు పోసి అటే వెళ్లింది. లాడ్‌బజార్ వెనక లక్కగాజులు చేయని ఇల్లు లేదు. ప్రతి రెండో ఇంట్లో ఒక మహబూబ్‌బీ. ఒకామె డెబ్బై ఏళ్లది. ఒకామె పన్నెండేళ్లది. ఇంకొకామె, "తుగ్యానీలనా? మేం గుల్బర్గా నుంచి మొన్ననే వచ్చినం" అని తలుపు వేసేసింది. మిట్టమధ్యాహ్నం దాకా తిరిగి, ఇంక చాలు అనుకున్నాక, లోపలి సందులో బొగ్గుల కుంపటి ముందు ఒక ఆడమనిషి కనబడింది. వేడి లక్కను పలక మీద పొడుగ్గా దొర్లిస్తోంది. వేళ్ల చివర్లు కాలి నల్లబడ్డాయి. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"మీరు తుగ్యానీ ఏడు పుట్టినోళ్లా?" అని అడిగింది నాగమణి విసిగిపోయిన గొంతుతో.

ఆ మనిషి చెయ్యి ఆగింది. లక్క పలకకు అంటుకుపోతున్నా చూసుకోలేదు. "గవ్లీ సత్తెమ్మ ఇంటికెల్లి వచ్చినవా? అమ్మ బతికే ఉన్నదా?"

"మీకు తెలుసా?"

"ఖాలా మర్చిపోనియ్యలే. నీ ఒంట్ల ఉన్నది గవ్లన్ దూద్, పాలామె పాలు అని చెప్పుకుంటనే పోయింది. మియాఁ కూడ పోయిండు, ఇప్పుడు నాకు ఎవ్వరు లేరు. శాలిబండల మీ ఇంటి ముందటికెల్లి పోయినప్పుడల్లా చెప్పులు చేతిల పట్టుకొని పోతా. లోపలికి రాలే. రమ్మన్నోళ్లు లేరు గదా బేటీ."

"ఇప్పుడు నేను రమ్మంటున్న. అయిదింటికి అక్కడ ఉండాలె" అంది నాగమణి. ఎందుకో ఏమిటో చెప్పింది. మహబూబ్‌బీ కుంపటి మీద నీళ్లు చల్లి బురఖా వేసుకుంది.

అయిదింటికి రామ్‌చందర్ కూడా వచ్చేశాడు. మొగులయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది. "గల్లీ అంతా చూస్తున్నది. రేపు కులంల అడిగితే నేనేం చెప్పాలె?" అన్నాడు.

లోపలి నుంచి పెద్దమ్మ వచ్చింది, చేతిలో పొడిగుడ్డతో. "ముప్ఫై ఏండ్లు సేవ చేసిన నా చెయ్యిని పరాయిదన్నది ఈ ముసల్ది. అప్పుడు కులం నన్ను అడగలే, నువ్వు గూడ అడగలే. ఎవరి చెయ్యి తనదో ఆమెనే చెప్తది. నువ్వు పక్కకు జరుగు."

మొగులయ్య జరిగాడు.

మహబూబ్‌బీ తఖ్తా దగ్గరికి వచ్చి సత్తెమ్మ ముఖం చూసింది. బాలనర్సింహ ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, తన పక్కన కొంచెం జాగా చేశాడు. "ఈ అంచు గట్టిగుంటది. ఇక్కడ పట్టు" అన్నాడు.

అందరూ పట్టుకున్నారు. నాగమణి కూడా అలవాటుగా వంగింది. వంగి, మళ్లీ నిటారుగా లేచి, ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది, అవి వాటంతట అవే ముందుకు పోతాయేమోనని.

"ఏక్" అన్నాడు మొగులయ్య. ఆమెను చూసి ఆగాడు. తరువాత మెల్లగా, "దో. తీన్."

సత్తెమ్మ లేచింది. తేలిగ్గా ఏమీ కాదు. పిల్లల ముఖాలు ఎర్రబడ్డాయి, రామ్‌చందర్ మోకాళ్లు వణికాయి. కానీ లేచింది. పెద్దమ్మ తడిగుడ్డ లాగి పొడిగుడ్డ పరిచింది. నాలుగు శ్వాసలు. దించారు. ముసలమ్మ కుడిచెయ్యి వెతుక్కుంటూ పోయి మహబూబ్‌బీ బొబ్బలెక్కిన వేళ్లను పట్టుకుంది.

మొగులయ్య జంపఖానా అంచు సర్దాడు. "పొద్దుగాల అయిదింటికి రావాలె" అన్నాడు మహబూబ్‌బీతో. "మా రామ్‌చందర్ లెక్క లేట్ చేస్తే నడువది." అంతే. పెద్దమ్మ తొమ్మిది మందికి కాకుండా పది మందికి చాయ్ పెట్టింది.

ఆ వారం బరువు పెరగలేదు. ఆ పై వారమూ పెరగలేదు. సత్తెమ్మ ఉగాది దాకా బతికింది, వీపుకు ఒక్క పుండు లేకుండా పోయింది. మహబూబ్‌బీ కుంపటి, లక్కపలక శాలిబండ ఇంటి వసారాలోకి వచ్చాయి. తన్నే బర్రె ఆమెను ఒక వారం తన్ని, తరువాత ఊరుకుంది.

దసరా పోయిన ఆదివారం సాయంత్రం మొగులయ్య, "కాగితం ఏడున్నది?" అని తానే అడిగాడు. దస్తఖత్ చేశాడు. మొదటి మాటకు ఆమె ఆయనను ఎప్పుడూ ఒప్పించలేదు. ఆయనే మళ్లీ దాన్ని ఎత్తలేదు.

సోమవారం పొద్దున నాగమణి ట్రంకు పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడింది. లోపల లెక్కపెట్టడం వినబడింది. ఎవరైనా తన పేరు పిలుస్తారేమోనని చూసింది. ఎవరూ పిలవలేదు. తొమ్మిది మంది అక్కడ ఉన్నారు. ఇన్నాళ్లూ కోరుకున్నది అదే, అయినా ఎక్కడో కలుక్కుమంది.

దవాఖాన దఫ్తరులో కళ్లద్దాల ముసలి గుమాస్తా ఉర్దూలో వివరాలు రాసుకుంటున్నాడు. పేరు, ఉమర్, ముహల్లా. "ఇంట్ల ఎవరెవరున్నరు? ఏదన్న అయితే ఖబర్ ఎవరికి పంపాలె?" అన్నాడు.

నాగమణి చెప్పడం మొదలుపెట్టింది. నాయినమ్మ. పెద్దబాపు. పెద్దమ్మ. వాళ్ల ఇద్దరు కొడుకులు. కాక.

"బస్. ఆరే గీతలు ఉన్నయి."

"ఇంక ఉన్నరు సాబ్."

"జాగా లేదమ్మా."

"ఇంకో కాగితం ఇయ్యిండ్రి."

"లడాయి రోజులు. కాగితం యాడ దొరుకుతది?"

"అయితే వెనక దిక్కు రాయుండ్రి."

గుమాస్తా నిట్టూర్చి కాగితం తిప్పాడు. చిన్నమ్మ. ఇద్దరు చెల్లెండ్లు. మేనత్త. బావ, బావ పెండ్లాం. కలం కీచుమంటూ నడుస్తోంది.

"మహబూబ్‌బీ" అంది నాగమణి.

కలం ఆగింది. ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "రిష్తా?"

"మేనత్త."

ఆయన ఇంకొక క్షణం చూసి, కలం సిరాలో ముంచి రాశాడు. "ఇంకా ఎవరన్న ఉన్నరా?" అన్నాడు విసుగ్గా.

నాగమణి వేళ్లు మడుస్తూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టసాగింది.